న్యూగ్రేంజ్: ఊరి మాటను నిలబెట్టిన రాతి సమాధి



కొండవాలున గాని, చేల గట్ల పక్కన గాని నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద పలక కప్పిన రాతి గూళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. మనవాళ్లు వాటిని రాకాసి గుళ్లు అంటారు, పాండవుల గుళ్లు అంటారు. కొప్పళ వైపు కన్నడం వాళ్లు మోరేర మనెలు అంటారు. తమిళ సీమలో పాండు కుళి అనే మాట ఉంది. వీటిని ఎవరు కట్టారని అడిగితే ఊళ్లో పెద్దలు ఏదో ఒక కథ చెబుతారు. చదువుకున్నవాళ్లు ఆ కథ విని నవ్వి ఊరుకుంటారు.

అలాంటి ఊరి మాటనే కొట్టిపారేయకుండా, అలాగని గుడ్డిగా నమ్మకుండా, స్వయంగా పరీక్షించి చూసిన ఒక పండితుడి గురించి, ఆయన కళ్లబడిన ఒక సత్యం గురించి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఇది మన దేశంలో జరిగిన సంగతి కాదు. ఐరోపా ఖండానికి పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఐర్లండు ద్వీపంలో జరిగింది.

ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, మీత్ అనే జిల్లాలో, బోయిన్ అనే నది పారుతున్నది. ఆ నది ఒకచోట వంపు తిరుగుతుంది. ఆ వంపులో పచ్చని మెరక మీద మూడు పెద్ద దిబ్బలు కనిపిస్తాయి. వాటి పేర్లు న్యూగ్రేంజ్, నౌత్, డౌత్. దూరం నుంచి చూస్తే గడ్డి మొలిచిన గుట్టలనుకుంటాం. కాని అవి గుట్టలు కావు. మనుషులు చేతులతో రాళ్లు మోసి పేర్చిన సమాధులు.

ఈ మూడింటిలో న్యూగ్రేంజ్ ప్రఖ్యాతమైనది. పేరు మాత్రం అంత ప్రాచీనం కాదు. 1142లో ఆ దగ్గరలో మెల్లిఫాంట్ అనే క్రైస్తవ మఠం వెలసింది. ఈ భూములు ఆ మఠం కిందికి వచ్చాయి. మఠానికి ధాన్యం పండించే పొలాన్ని వాళ్ల భాషలో గ్రేంజ్ అనేవారు. అలా ఇది కొత్త పొలం, న్యూగ్రేంజ్ అయింది. దిబ్బ వయసు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎంత ఎక్కువంటే, క్రీస్తుకు పూర్వం 3200 ప్రాంతంలో దీన్ని కట్టారు. అంటే ఇప్పటికి 5000 ఏళ్లు దాటింది. ఈజిప్టులో గీజా దగ్గరి మహా పిరమిడ్ కంటే ఇది సుమారు 600 ఏళ్లు పెద్దది. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ మహాశిలలు నిలబడే నాటికి ఇది అప్పటికే పాతబడిన కట్టడం. కట్టినవారికి ఇనుము తెలియదు, రాగి తెలియదు. గోధుమ, యవలు పండించుకొని, పశువుల్ని మేపుకొని బతికిన రైతులు వారు. రాతి గొడ్డళ్లు, తాళ్లు, కర్రదుంగలు, భుజబలం, ఇవే వారి సాధనాలు.

ఇక దాని స్వరూపం చూద్దాం. దిబ్బ దాదాపు గుండ్రంగా ఉంటుంది. అడ్డుకొలత సుమారు 85 మీటర్లు, ఎత్తు 13 మీటర్ల దాకా. చుట్టుకొలత పొడవునా 97 పెద్ద బండలను అంచుకట్టుగా పరిచారు. వాటిలో చాలావాటి మీద చెక్కడాలున్నాయి. సుడులు, వజ్రాకారాలు, వంకర గీతలు. మనిషి బొమ్మ లేదు, జంతువు బొమ్మ లేదు. వాకిలి ముందు అడ్డంగా పడుకోబెట్టిన బండ మీద చెక్కిన సుడులను చూస్తే, నీటి అలలు రాతిలో గడ్డకట్టాయా అనిపిస్తుంది. లోహపు ఉలి లేకుండా, రాతితో రాతిని కొట్టి చేసిన పని అది.

వాకిట్లో నుంచి లోపలికి ఇరుకైన దారి ఉంది. దాని పొడవు సుమారు 19 మీటర్లు. రెండు వైపులా నిలువు బండలు. కొన్నిచోట్ల ఒళ్లు పక్కకు తిప్పుకొని నడవాలి. ఆ దారి చివర ఒక గది, దానికి మూడు వైపులా మూడు అరలు. ఆ అరల్లో రాతి తొట్లున్నాయి. చనిపోయినవారి ఎముకలను, చితాభస్మాన్ని వాటిలో ఉంచారని పండితుల అభిప్రాయం.

గది పైకప్పు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది దాదాపు 6 మీటర్ల ఎత్తున ఉన్నది. సున్నం లేదు, దూలం లేదు. పలక మీద పలక పేరుస్తూ, ప్రతి వరుసనూ కాస్త లోపలికి జరుపుతూ పోయి, చివరికి పైన మిగిలిన చిన్న రంధ్రాన్ని ఒకే ఒక పలకతో మూశారు. మన ఇళ్లలో ధాన్యం గాదెకు పైభాగం సన్నబడుతూ పోయినట్లు ఊహించుకోండి. దారి మీది కప్పు పలకల పైభాగాన, వాననీరు పక్కలకు జారిపోయేలా సన్నని కాలువలు తొలిచారు. సందుల్లో కాల్చిన మన్ను, సముద్రపు ఇసుక కూరారు. ఐర్లండు వానల దేశం. ఆ వానల్లో 5000 ఏళ్లు గడిచినా ఆ గది పొడిగానే ఉంది.

ఈ సందుల్లో కూరిన కాల్చిన మన్నే దాని వయసును కూడా చెప్పింది. ఆ మన్నులో బొగ్గు నలుసులున్నాయి. చెట్టు కొట్టేసిన తరువాత దానిలోని ఒక రకం కర్బనం లెక్క ప్రకారం తరుగుతూ పోతుంది. ఎంత తరిగిందో కొలిస్తే కాలం తెలుస్తుంది. కట్టేటప్పుడు కూరిన మన్ను కాబట్టి అది కట్టడం వయసే అవుతుంది.

రాళ్లు ఎక్కడివి? వాకిలి దగ్గర దొరికిన తెల్లని పలుగురాళ్లు దక్షిణాన విక్లో కొండల వైపువి. గుండ్రని బూడిదరంగు రాళ్లు ఉత్తరాన సముద్ర తీరపు కొండల వైపువి. రెండూ పదుల కిలోమీటర్ల దూరమే. దిబ్బ మొత్తం బరువు రెండు లక్షల టన్నుల దాకా ఉంటుందని ఒక అంచనా. బండి చక్రం లేని కాలంలో ఇంత పనికి ఎన్ని ఊళ్లు కలిసి ఉండాలో, ఎన్నేళ్లు పట్టి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇంతటి కట్టడం ఒక దశలో రోడ్డు కంకరగా మారిపోవలసింది. కాలక్రమాన దిబ్బ ముందుభాగం జారిపడి వాకిలి మూసుకుపోయింది. వందల ఏళ్లు దాన్ని గుట్టగానే చూశారు. 1699లో ఆ భూమి చార్లెస్ కాంప్‌బెల్ అనే భూస్వామి చేతిలో ఉంది. రోడ్డు పనికి రాళ్లు కావలసి, ఆ గుట్ట నుంచి తీసుకురమ్మని ఆయన కూలీలను పంపాడు. వాళ్లు రాళ్లు లాగుతుండగా సుడులు చెక్కిన బండ, దాని వెనుక చీకటి దారి బయటపడ్డాయి. అదృష్టవశాత్తు అదే ఏడు ఎడ్వర్డ్ ల్విడ్ అనే వేల్స్ దేశపు పండితుడు ఐర్లండులో తిరుగుతున్నారు. ఆయన ఆక్స్‌ఫర్డులోని ప్రదర్శనశాల అధికారి. విని వచ్చి, లోపలికి వెళ్లి చూసి, ఉన్నదున్నట్లు రాసిపెట్టారు. ఆ రాతల వల్లనే న్యూగ్రేంజ్ సంగతి లోకానికి తెలిసింది.

ఆ తరువాత వంద ఏళ్లకు పైగా ఊహలదే రాజ్యం. ఒక పండితుడు ఇది సముద్రం దాటి వచ్చిన డేన్ జాతివారి పని అన్నారు. మరొకరు రాళ్ల మీది గీతల్లో ఫినీషియా దేశపు అక్షరాలు చదివారు. వాలన్సీ అనే సైనికాధికారి అయితే ఐర్లండు ప్రాచీన చరిత్రంతా మన బ్రాహ్మణుల సంస్కృత గ్రంథాలతో రుజువవుతుందని 1797లో ఒక పుస్తకమే అచ్చువేశారు. ఇన్ని ఊహల్లో ఒక్కరికీ తట్టని సంగతి ఒకటే. ఆ నేల మీది సామాన్య రైతులే దీన్ని కట్టి ఉండవచ్చునని ఎవరూ అనుకోలేదు. గొప్ప పని కనబడితే దాన్ని ఎవరో పరాయివారికి అంటగట్టడం ఒక్క ఐర్లండులోనే కాదు, అన్నిచోట్లా ఉన్న అలవాటే.

చదువరుల ఊహలు ఇలా ఉండగా, ఊళ్లో వాళ్ల కథలు వేరుగా ఉన్నాయి. ఐర్లండు పాత కథల్లో ఈ దిబ్బ దేవతల ఇల్లు. దగ్దా అనే పెద్ద దేవుడు, నదికి పేరిచ్చిన బోఅన్ దేవి, వారి కొడుకు ఏంగస్ ఇందులో ఉంటారని చెప్పుకున్నారు. దగ్దా తొమ్మిది నెలల కాలాన్ని ఒక్క పగలుగా మార్చాడనీ, ఆ ఒక్క పగటిలోనే ఏంగస్ పుట్టాడనీ ఒక కథ. వీటితోపాటు ఊరివాళ్ల నోట మరొక మాట కూడా ఉండేది. ఏడాదిలో ఏదో ఒక రోజున పొద్దుపొడుపు ఎండ లోపలి గదిలో ఉన్న మూడు సుడుల రాతి దాకా వచ్చి తగులుతుందట. ఏ రోజు అన్నది స్పష్టంగా చెప్పినవారు లేరు.

1962లో ఇక్కడ శాస్త్రీయమైన తవ్వకం మొదలయింది. దానికి నాయకుడు కార్క్ నగరంలోని విశ్వవిద్యాలయ ఆచార్యులు మైకేల్ ఓ కెల్లీ. ఆయన భార్య క్లేర్ ఓ కెల్లీ రాళ్ల మీది చెక్కడాలన్నిటినీ ఓపికగా నమోదు చేశారు. 1975 దాకా ఆ పని సాగింది. తవ్వకం మొదట్లోనే ఒక వింత బయటపడింది. వాకిలి పైన మరొక చిన్న కిటికీ వంటి సందు ఉంది. దానికి చెక్కడాలున్న గడపరాయి వంటి పైపలక. ఆ సందును మూయడానికి పలుగురాతి దిమ్మ. ఆ దిమ్మను ముందుకు వెనక్కు జరిపినప్పుడు పడిన గీతలు కింది రాతి మీద కనిపించాయి. అంటే వాకిలి మూసేసిన తరువాత కూడా ఈ పై సందును మళ్లీ మళ్లీ తెరిచేవారన్నమాట. ఎందుకు?

ఊరివాళ్లు చెప్పిన పొద్దు మాట అప్పటికే ఓ కెల్లీ దంపతుల చెవిన పడింది. స్టోన్‌హెంజ్‌లో నడివేసవి సూర్యోదయం గురించి ఒక కథ ఉంది, జనం దాన్ని దీనితో కలిపి చెబుతున్నారేమోనని వాళ్లు మొదట అనుకున్నారు. ఎందుకంటే న్యూగ్రేంజ్ వాకిలి ఆగ్నేయ దిక్కుకు ఉంది. వేసవిలో అక్కడ సూర్యుడు ఈశాన్యాన పొడుస్తాడు. కాబట్టి వేసవి పొద్దు లోపలికి వచ్చే ప్రశ్నే లేదు. చాలామంది అయితే అక్కడితో ఆగిపోయేవారు. ఓ కెల్లీ మరొక అడుగు వేశారు. వేసవి కాకపోతే నడిశీతాకాలం ఎందుకు కాకూడదు? ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఆగ్నేయానే పొడుస్తాడు కదా!

1967 డిసెంబరు 21. సంవత్సరంలోకెల్లా పగలు తక్కువైన రోజుల్లో ఒకటి. ఆ తెల్లవారుజామున ఓ కెల్లీ ఒక్కరే ఆ చీకటి గదిలో నిలబడి ఎదురుచూశారు. పొద్దు పొడిచిన కొద్ది నిమిషాలకు పై సందులోనుంచి సన్నని వెలుతురు గీత లోపలికి వచ్చింది. అది దారి నేల మీదుగా పాకి గది మధ్యకు, అక్కడినుంచి చివరి అర దాకా చేరింది. గది అంతా, పైకప్పుతో సహా, కళ్లకు కనబడేటంత వెలుగు నిండింది. వేల ఏళ్ల తరువాత ఆ దృశ్యం చూసి, దాని అర్థం గ్రహించిన మొదటి మనిషి ఆయన. తరువాతి సంవత్సరాల్లో గడియారం, కొలబద్ద దగ్గర పెట్టుకొని చూశారు. ఎండ లోపల నిలిచేది 17 నిమిషాలు. గీత బాగా విప్పారినప్పుడు వెడల్పు 17 సెంటీమీటర్లు. నడిశీతాకాలపు ఆ నాలుగైదు రోజుల్లో తప్ప మిగిలిన ఏడాదంతా లోపల చీకటే.

ఇది కాకతాళీయం కాదని ఎలా చెప్పగలం? కట్టడమే చెబుతుంది. లోపలికి పోయేకొద్దీ దారి నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. గది నేల వాకిలి కంటే సుమారు 2 మీటర్లు పైన ఉన్నది. అందువల్ల వాకిట్లోంచి వచ్చే ఎండ మధ్యలోనే నేలకు తగిలి ఆగిపోతుంది. పై సందు మాత్రం గది నేలకు సమాన మట్టంలో ఉంది. దానిగుండా వచ్చే కిరణమే గదిని చేరగలదు. అందుకోసమే ఆ సందు పెట్టారు. 1974లో జాన్ పాట్రిక్, 1989లో టామ్ రే అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి, ఇది బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటేనని చూపించారు. భూమి వంపు ఈ 5000 ఏళ్లలో కొద్దిగా మారింది. కట్టిన నాడు పొద్దుపొడుపు తొలి కిరణమే లోపలికి వచ్చి ఇంకా వెనకకు చేరేది. ఇప్పుడు నాలుగు నిమిషాలు ఆలస్యం.

ఆ రైతులకు ఆ రోజు అంత ముఖ్యం ఎందుకయింది? మన ప్రాంతాల్లో డిసెంబరులో కూడా పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. ఐర్లండులో ఆ రోజుల్లో పగలు ఏడున్నర గంటలే. మేత తక్కువ, పంట లేదు, చలి ఎక్కువ. సూర్యుడు రోజురోజుకూ దక్షిణానికి జారిపోతుంటే, ఎక్కడో ఆగి వెనక్కు తిరుగుతాడన్న భరోసా కావాలి. మనం ఉత్తరాయణం అంటున్నది ఆ మలుపునే. మన పంచాంగంలో ఇప్పుడు అది మకర సంక్రాంతి నాడు, జనవరి 14 ప్రాంతంలో వస్తున్నది. ఆకాశంలో సూర్యుడు నిజంగా మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. ఆ మలుపు తొలి వెలుగును వాళ్లు బతికున్నవారి ఇళ్లకు కాక చనిపోయినవారి గదికి దారి చేసి పంపారు. వారి మతం ఏమిటో రాతలో మనకు దక్కలేదు గాని, ఈ ఒక్క పనిలో వారి మనసు కొంత తెలుస్తున్నది.

అయితే శ్రోతలారా, ఊరి మాట ఒకసారి నిజమయిందని ప్రతి మాటా నిజమని అనుకోరాదు. పండితుల పని కూడా ప్రశ్నకు అతీతం కాదు. నేడు న్యూగ్రేంజ్ వాకిలికి ఇరుపక్కలా నిలువుగా మెరిసే తెల్లని పలుగురాతి గోడ ఉంది. అది ఓ కెల్లీ కాలంలో తిరిగి కట్టినది. కింద పడి ఉన్న రాళ్ల తీరును బట్టి అవి ఒకప్పుడు గోడగా నిలిచి ఉండాలని ఆయన నిర్ణయించారు. ఆ నిలువు గోడ వెనుక కాంక్రీటు దన్ను ఉంది. పాతకాలంలో అలాంటి గోడ నిలిచేది కాదనీ, ఆ రాళ్లు వాకిలి ముందు నేల మీద పరిచినవై ఉండవచ్చుననీ వాదించేవారు ఉన్నారు. పక్కనున్న నౌత్ దిబ్బను తవ్విన జార్జ్ ఓగన్ బృందం అక్కడ పలుగురాళ్లను నేల మీదనే ఉంచింది. ఆ వాదం నేటికీ తెగలేదు.

ఎముకల సంగతి కూడా ఇలాంటిదే. లోపల నలుగురైదుగురి అవశేషాలు దొరికాయి. కొన్ని కాలినవి, కొన్ని కాలనివి. వాటితో పూసలు, లాకెట్లు, నున్నని రాతి గోళీలు. 2020లో డబ్లిన్ శాస్త్రవేత్తలు అందులో ఒక పురుషుడి ఎముక నుంచి జన్యుపదార్థం తీసి పరీక్షించారు. అతని తల్లిదండ్రులు ఒకరికొకరు తోబుట్టువుల వంటి అతి దగ్గరి రక్తసంబంధీకులని తేలింది. ఈజిప్టు రాజవంశాల్లో అలాంటి పెళ్లిళ్లు ఉండేవి కనుక ఇతడూ రాజకుటుంబం వాడై ఉండవచ్చునని వారు ఊహించారు. విచిత్రమేమంటే, పక్కనున్న డౌత్ దిబ్బను కట్టిన రాజు తన చెల్లెలితో తప్పు చేశాడనీ, అందువల్ల ఆగిన సూర్యుడు కదిలి చీకటి పడిందనీ ఒక పాత ఐరిష్ కథ ఉంది. ఈ పోలిక చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. కాని కథ రాతకెక్కింది కట్టడం తరువాత దాదాపు 4000 ఏళ్లకు. ఒక్క ఎముకను బట్టి రాజవంశాన్ని నిర్మించకూడదని 2025లో మరికొందరు పురావస్తు పండితులు హెచ్చరించారు. సూర్యుని మాటకు 17 నిమిషాల సాక్ష్యం ఉంది. ఈ రాజు మాటకు అలాంటి సాక్ష్యం ఇంకా లేదు. ఈ తేడా తెలుసుకోవడమే చరిత్ర చదువు.

ఇక మన నేల సంగతికి వద్దాం. ఐర్లండుకూ మనకూ ఈ విషయంలో ఒక నిజమైన చుట్టరికం ఉంది. నేటి కర్ణాటకలో యాదగిరి జిల్లాలో ఉన్న సురపురం సంస్థానంలో 1840ల్లో మెడోస్ టేలర్ అనే ఆంగ్ల అధికారి పనిచేశారు. నిజాం కొలువు నుంచి వచ్చినవారు. అక్కడి రాజన్ కోళూరు వంటి చోట్ల రాతి గూళ్లను చూసి, కొన్నిటిని తవ్వించి, కొలతలు రాసుకున్నారు. తరువాత డబ్లిన్‌లో స్థిరపడి, ఆ వివరాలను 1860ల్లో అక్కడి రాయల్ ఐరిష్ అకాడమీ ద్వారా ప్రకటించారు. దక్కను రాళ్లకూ ఐర్లండు రాళ్లకూ పోలిక చూసి, రెండింటి వెనుకా ఒకే జాతి ఉందేమోనని ఆ కాలపువారు తలచారు. అది నిజం కాదు. న్యూగ్రేంజ్ రాతి పనిముట్ల కాలం నాటిది. మన రాకాసి గుళ్లలో ఎక్కువ భాగం ఇనుము తెలిసిన కాలానివి, దానికంటే 2000 ఏళ్లు చిన్నవి. వాటిలో ఇనుప కత్తులు, నలుపు ఎరుపు రంగుల కుండలు దొరుకుతాయి. పోలిక రాళ్లలో ఉంది, చనిపోయినవారి పట్ల మనిషికి ఉన్న మమకారంలో ఉంది. వంశంలో లేదు.

కొప్పళ జిల్లా హిరేబెణకల్ కొండ మీద వందల రాతి గూళ్లు ఉన్నాయి. కృష్ణగిరి జిల్లాలో మల్లచంద్రం గుట్ట మీద ఉన్నాయి. రాయచూరుకు ఎదురుగా, కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో మనిషికి రెండింతల ఎత్తున నిలువు రాళ్లు ఉన్నాయి. అక్కడివారు వాటిని నిలువురాళ్ల తిమ్మప్ప అని కొలుస్తారు. ఆ రాళ్ల వరుసలకూ సూర్యుని గమనానికీ సంబంధం ఉందని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి.రావు పరిశోధించి చెప్పారు. 2021లో హిరేబెణకల్, 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. తిమ్మప్ప అన్న భక్తి వల్లనే ఆ రాళ్లు గడ్డపలుగుకు చిక్కకుండా ఇన్నాళ్లు నిలిచాయని మరువరాదు.

అన్ని రాళ్లకూ ఆ అదృష్టం లేదు. నిక్షేపాలు ఉన్నాయన్న ఆశతో తవ్వేవారున్నారు. పలకలను గట్లకు, పునాదులకు ఎత్తుకుపోయేవారున్నారు. కంకర కోసం గుట్టనే పేల్చేవారున్నారు. 1699లో న్యూగ్రేంజ్‌కు పట్టబోయిన గతి ఇదే. అక్కడ చెక్కిన రాయి కనబడగానే ఎవరో ఆగి చూశారు, మరొకరు వచ్చి రాశారు. 1882లో చట్టం రక్షణ ఇచ్చింది. 1993లో అది ప్రపంచ వారసత్వ సంపద అయింది. ఇప్పుడు డిసెంబరు పొద్దును లోపల నిలబడి చూడడానికి ఏటా వేలమంది దరఖాస్తు పెడతారు. చీటీలు తీసి కొద్దిమందినే పంపుతారు.

మీ ఊరి పొలిమేరలో అలాంటి రాళ్లుంటే, వాటి గురించి మీ తాతలు, అమ్మమ్మలు ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాయండి. రాళ్లను కదిలించవద్దు, లోపల తవ్వవద్దు. పురావస్తు శాఖవారికో, దగ్గరి కళాశాలలో చరిత్ర చెప్పే మాస్టారికో తెలియజేయండి. మీ ఊరి మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చేవాడు ఏనాటికో ఒకనాటికి వస్తాడు. అతడు వచ్చేదాకా ఆ మాటా ఉండాలి, ఆ రాయీ ఉండాలి.